డెల్ఫీనా కష్టాల ఉత్తరం

లాస్ బానోస్ ఊళ్లో డెల్ఫీనా అవీలాను ఎవరైనా "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగితే, ఏ ఏడాది అడిగినా జవాబు ఒక్కటే: "మాకేం, దేవుడి దయవల్ల ఏ లోటూ లేదు." తండ్రి పోయిన వారంలో అడిగినా అదే అంది. ఆపరేషనైన మర్నాడు ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరిచీ తెరవకుండా కూడా అదే అంది. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల నుంచి వచ్చిన ఆ పాడి కుటుంబాల ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. ఇంటి గుట్టు గుమ్మం దాటకూడదు. దాటిందంటే ఆదివారం పూజ ముగిసేలోపు చర్చి మెట్ల దాకా పాకుతుంది.

తొమ్మిదేళ్లప్పుడు తండ్రి వేలు పట్టుకుని కాలిఫోర్నియాలో దిగింది. బడికి వెళ్లే ముందు ఆవుల పాలు పితికి, చేతులకు ఆ వాసన పోకపోతే నిమ్మచెక్కతో రుద్దుకునేది. పెద్దయ్యాక అదే ఊళ్లో బడి వంటగదిలో చేరింది. ఇరవై రెండేళ్లుగా రోజూ నాలుగు వందల మంది పిల్లలకు వండి పెడుతోంది. మొగుడు ఒరాసియో పాల ట్యాంకర్ తోలేవాడు. ఇద్దరూ యాభై ఏళ్లు వచ్చేదాకా పాడి యజమానులు ఇచ్చిన గదుల్లోనే కాపురం చేశారు.

2005లో సొంత ఇల్లు కొన్నారు. అప్పట్లో బ్యాంకులు పిలిచి మరీ అప్పులిచ్చేవి. మూడు పడకగదులు, ముందు పచ్చగడ్డి. డెల్ఫీనా ఆ గడ్డి సగం పీకేసి సూపులో వేసుకునే ఆకుకూర వేసింది. కాలనీలో ముఖం చిట్లించిన వాళ్లకు తలొక కట్ట ఇచ్చి నోరు మూయించింది. ఆ ఇల్లంటే ఆమెకు ప్రాణం. నా దృష్టిలో అందులో తప్పేమీ లేదు.

మూడేళ్లకు ఒరాసియో ట్యాంకర్ నిచ్చెన మీంచి జారి వెన్ను విరగ్గొట్టుకున్నాడు. బడి వాళ్లు డెల్ఫీనా పని గంటలు తగ్గించారు. వడ్డీ రేటు మారి ఇంటి వాయిదా మాత్రం పెరిగింది. ఊళ్లో ఇళ్ల ధరలు పడిపోయి, వీళ్ల అప్పులో సగానికి కూడా ఇల్లు అమ్ముడుపోని రోజులొచ్చాయి. 2010 వేసవికి ఆరు వాయిదాలు బాకీ పడ్డారు. ఈ సంగతి ఒరాసియో చెల్లెలు ఇల్డాకు కూడా తెలియదు. ఇల్డాకు తెలియకూడదన్నదే డెల్ఫీనా పట్టుదల. చర్చి పండగ వంటలకు పెద్ద ఇల్డాయే మరి.

ఇళ్లు అమ్మిపెట్టే జానిస్ టాలీ ఒక మధ్యాహ్నం వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. డెల్ఫీనా పెట్టిన తీపి రొట్టె తింటూ అంతా చెప్పింది.

"దీన్ని షార్ట్ సేల్ అంటారండీ. అప్పుకన్నా తక్కువకి అమ్ముతాం. అమ్మేది మీరే గానీ ఊఁ అనాల్సింది బ్యాంకు. మీ చేతికి చిల్లిగవ్వ రాదు."

"ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు ఒరాసియో, కుర్చీలో వెనక్కి వాలి.

"వాళ్లు మూడు నెలలంటారు, మీరు ఆరనుకోండి. పంపిన కాగితాలే మళ్లీ అడుగుతారు. విసుక్కోకుండా మళ్లీ పంపాలి. ఈలోగా తలుపుకి వేలం నోటీసు అంటించినా అంటిస్తారు. వేలం వేసేవాళ్లు వేరు, మనతో మాట్లాడేవాళ్లు వేరు. ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలీదు. ఇంకోటి, చివర్లో వచ్చే కాగితంలో మిగతా అప్పు అడగం అని రాసి ఉంటేనే సంతకం. లేకపోతే ఇల్లు పోయాక కూడా అప్పోళ్లు మీ వెంట పడతారు."

"అయితే ముందు ఏం చెయ్యాలి?" అంది డెల్ఫీనా.

"ఓ ఉత్తరం రాయాలి. మీ కష్టాలేంటో, ఎందుకు కట్టలేకపోతున్నారో, ఉన్నదున్నట్టు. రాసి నాకు చూపించండి."

వెళ్లబోతూ జానిస్ సంచిలోంచి పునీత యోసేపు బొమ్మ తీసింది. తలకిందులుగా పెరట్లో పాతితే ఇల్లు తొందరగా అమ్ముడవుతుందట. డెల్ఫీనా బొమ్మను లాక్కున్నంత పని చేసింది. "ఆయనేం పాపం చేశాడమ్మా తలకిందులుగా పాతడానికి?" అని కిటికీలో నిలబెట్టింది.

మర్నాడు ఉత్తరం రాసింది. జానిస్‌కు చూపించలేదు. చూపిస్తే గుట్టు బయటపడ్డట్టే కదా! బ్యాంకంటే ఎక్కడో దూరాన ఉంది, దానికి ఒక మర్యాదైన ఉత్తరం చాలనుకుంది. చేతనైనంత అందంగా రాసి, కవరు అంటించి, పోస్టులో వేసి వచ్చింది.

రెండు వారాల్లో ఇల్లు కొంటానని ఆస్పత్రిలో పనిచేసే నర్సు ఒకామె ముందుకొచ్చింది. జానిస్ ఆ బేరం బ్యాంకుకు పంపింది. ఇక ఎదురుచూపులే. ఫోను చేస్తే పాట వినిపించేది, ముప్పావు గంట పాట విన్నాక లైను తెగిపోయేది. తొమ్మిదో వారంలో జవాబొచ్చింది. మీ ఉత్తరాన్ని బట్టి మీకు ఇబ్బందేమీ ఉన్నట్టు కనిపించడం లేదు, కాబట్టి ఒప్పుకోవడం లేదు అని. అదే వారం తలుపుకు వేలం నోటీసు అంటించారు. అక్టోబరు పంతొమ్మిది. ఇరవై ఆరు రోజులుంది.

జానిస్ బ్యాంకు నుంచి ఉత్తరం నకలు తెప్పించి, అదే బల్ల దగ్గర పైకి చదివింది.

"'మేము దేవుడి దయవల్ల క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. మావారికి నడుము కొంచెం పట్టింది, తగ్గిపోతుంది. ఇన్నేళ్లలో ఎవరి దగ్గరా చెయ్యి చాచి ఎరగము. ఇల్లు అద్దంలా ఉంచాము.'" చదవడం ఆపి తల పట్టుకుంది. "డెల్ఫీనా గారూ, ఇది కష్టాల ఉత్తరమా? పండక్కి భోజనానికి పిలుస్తూ రాశారా?"

ఒరాసియో నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వితే నడుము నొప్పి, ఏడిచినంత పనైంది. "ఇప్పుడైనా ఆ యోసేపుని పాతుదామంటావా?" అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యి," అంది డెల్ఫీనా. కానీ ముఖం ఎర్రబడింది.

జానిస్ గొంతు తగ్గించి చెప్పింది: "చూడండీ, బ్యాంకులో ఆ ఉత్తరం చదివేవాళ్లు మీ ఊరు కాదు, మీ చర్చికి రారు. వాళ్ల దగ్గర పరువేంటి? ఈసారి మీ ఇంట్లోవాళ్లకి కూడా చెప్పనివన్నీ రాయండి. ఇద్దరూ సంతకాలు పెట్టండి. రేపొచ్చి తీసుకెళ్తా."

జానిస్ వెళ్లాక డెల్ఫీనా కాగితం ముందేసుకుని కూర్చుంది. ఒరాసియోయే మొదలుపెట్టాడు. "రాయి. నా వెన్ను విరిగింది. ఇక బండి తోలలేను. రాశావా?" రాసింది. ఆ పైన అతన్నేమీ అడగలేదు. తల వంచుకుని, ఆపకుండా రెండు పేజీలు రాసింది. సంతకానికి కాగితం అతని ముందుకు తోసి, పొయ్యి దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడింది.

అతను కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. అమ్మ ఇచ్చిన బంగారు కమ్మలు అమ్మేసిందట. రక్తపోటు మాత్రలు సగం విరిచి వేసుకుంటోందట. బడిలో తినేసి వచ్చానని రోజూ చెప్పేది. తినేది పిల్లలు వదిలేసిన రొట్టెముక్కలట. మార్చి నుంచి ప్రతి శనివారం హైవే పక్కనున్న మోటెల్లో గదులు శుభ్రం చేస్తోందట.

"శనివారాలు జపమాలకి వెళ్తున్నానన్నావు కదే?"

"జపమాల చెయ్యకుండా ఏం లేదు. పక్కలు సర్దుతూ చేసుకున్నా."

"నాకైనా చెప్పొద్దూ?"

"నీకు చెప్తే ఏం చేస్తావు? నిచ్చెన మీంచి పడ్డందుకు ఇంకో ఏడాది నిన్ను నువ్వు తిట్టుకుంటావు."

ముప్పై ఒక్కేళ్లు పక్కనే కాపురం చేసిన మనిషి సంగతి బ్యాంకుకు రాసిన ఉత్తరంలో తెలియాల్సి వచ్చిందే అని అతనికి సిగ్గేసింది, దుఃఖం ముంచుకొచ్చింది. సంతకం పెట్టాడు. డెల్ఫీనా వచ్చి అతని తల మీద చెయ్యి వేసింది. వాళ్లిద్దరూ కలిసి ఏడవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఏడిచాక ఆమెకు ఒళ్లు తేలికపడ్డట్టు అనిపించి, ఆశ్చర్యం వేసింది.

ఆ తర్వాత కూడా తల ప్రాణం తోకకొచ్చింది. ఫైలు కొత్తావిడ చేతికి మారింది, పాత కాగితాలేవీ లేవంది. జానిస్ అన్నీ మళ్లీ పంపింది. బ్యాంకు మనిషి వచ్చి ఇంటి ఫొటోలు తీసుకెళ్లాడు. కొనే నర్సు మాత్రం పాపం బేరం వదలకుండా ఆగింది. వేలం ఇంకా ఐదు రోజులుందనగా ఆపేశామని కబురొచ్చింది. నెలాఖరుకు ఒప్పుకోలు కాగితం వచ్చింది. జానిస్ ఒక వాక్యం కింద వేలు పెట్టి డెల్ఫీనా చేత రెండుసార్లు చదివించింది. మిగిలిన అప్పు అడగబోమని అందులో ఉంది.

సంతకాలైన రోజు వాళ్ల పేరున మిగిలిన మొత్తం సున్నా అని కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు. ముందే తెలుసు కాబట్టి ఇద్దరూ తట్టుకున్నారు. కొన్నేళ్లపాటు ఏ బ్యాంకూ వీళ్ల ముఖం చూడదని కూడా తెలుసు. ఊరి చివర ఒక డెయిరీ వెనక రెండు గదులు అద్దెకు తీసుకున్నారు.

సామాను సర్దే రోజు పొద్దున డెల్ఫీనా కిటికీలోని యోసేపును తువ్వాలులో చుట్టి పెట్టెలో పెడుతుండగా ఇల్డా వచ్చింది. పండగ వంటకు పెద్ద గిన్నె అడగడానికి వచ్చినదల్లా గుమ్మంలోనే ఆగిపోయి పెట్టెలన్నీ చూసింది.

"ఎలా ఉన్నావు వదినా?"

పాత జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. డెల్ఫీనా దాన్ని మింగింది.

"బాగోలేదు ఇల్డా. ఇల్లు పోయింది. రెండేళ్ల నుంచీ బాగోలేదు."

ఇప్పుడు చర్చి మెట్ల దాకా పాకుతుందని తెలిసే అంది. ఇల్డా గుమ్మం దాటి లోపలికొచ్చింది. చేతిసంచి కింద పెట్టింది. ఒక పెట్టె మీద కూలబడి చేతులతో ముఖం కప్పుకుంది.

"మాకూ నోటీసొచ్చింది వదినా. అన్నయ్యకి చెప్పకు. బ్యాంకోళ్లు ఏదో ఉత్తరం రాయమంటున్నారు. నాలుగుసార్లు రాసి చింపేశా."

డెల్ఫీనా తువ్వాలు పక్కన పెట్టింది. కట్టేసిన పెట్టె విప్పి కాగితం, పెన్ను వెతికి తీసింది. ఆడబిడ్డ పక్కనే పెట్టె మీద కూర్చుంది.

"ముందు మేం క్షేమం అని మాత్రం రాయకు," అంది.