దుబాయి మైనం దీపం

టీచరు ఉద్యోగం వచ్చి నేను మహబూబ్‌నగర్ నుంచి నల్గొండకు చేరేసరికి ఎనభైలు సగం దాటాయి. పెళ్లికాని ఆడపిల్ల ఒక్కతే ఉంటానంటే గది కిరాయికివ్వడానికి చాలామంది వెనకాడారు. చివరికి గడియార స్తంభం వెనక సందులో, ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో వెనకగది దొరికింది. కుటుంబమంటే ఒక్కావిడే. భర్త దుబాయిలో ఏదో హోటల్లో పని. పిల్లలు లేరు. నాకంటే పెద్దది కాబట్టి ఆమెను ఆపా అనేదాన్ని. ఆమె నన్ను టీచరమ్మా అనేది.

మొదట్లో మా మాటలన్నీ నల్లా దగ్గరే. బిందెలు నిండగానే ఎవరి గదిలోకి వాళ్లం వెళ్లిపోయేవాళ్లం. బడి నుంచి వచ్చాక నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. రేడియోలో ఏది వస్తే అది వింటూ అన్నం తినేదాన్ని. గోడ అవతల ఆమె గిన్నెలు కడిగే చప్పుడు వినిపించేది. నా చప్పుడూ ఆమెకు వినిపించేదేమో.

ఒక ఎండాకాలం ఆమె భర్త సెలవు మీద వచ్చి వెళ్లాడు. ఆయన వెళ్లిన మర్నాడు సాయంత్రం ఆపా నా తలుపు తట్టింది.

"టీచరమ్మా, జర ఇటు రా. ఒకటి చూపిస్త."

ముందుగదిలో షోకేసు మీద, ప్లాస్టిక్ పూల పక్కన, పొడవాటి గాజుసీసా ఉంది. లోపల నీళ్లలాంటి ద్రవం, అడుగున ఎర్రటి మైనం ముద్ద, కింద ఇత్తడిరంగు దిమ్మెలో బల్బు.

"ఆయన తెచ్చిండు. ఉన్నన్ని దినాలు చుట్టాలు, దావత్‌లు. డబ్బా తెరవనే లేదు. దీని ప్లగ్గు మన బోర్డుకు పట్టకపాయె. ఇయ్యాల మనిషిని పిలిచి మార్పించిన" అంటూ స్విచ్చి వేసింది.

ఎంతసేపటికీ ఏమీ కాలేదు. నేను లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "కూసో. వేడెక్కెదాక మైనం కదలదు."

మగ్రిబ్ నమాజు చదువుకుని ఆమె తిరిగొచ్చాక మైనం మెత్తబడింది. ఒక ముద్ద మెడ చాచినట్టు సాగి, తెగి, మెల్లగా పైకి తేలింది. కాసేపు పైన ఆగి మళ్లీ దిగింది. గోడలన్నీ దానిమ్మరంగుకు తిరిగాయి. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చుండిపోయాం.

ఇప్పుడు వాటిని లావా ల్యాంపులంటున్నారు, పాతకాలపు అందమని ఇళ్లలో పెట్టుకుంటున్నారు. మాకు ఆ పేరు తెలియదు. మైనం దీపం అనుకునేవాళ్లం. దాదాపు ప్రతి సాయంత్రం దాని ముందు కూర్చునేవాళ్లం. కరెంటు పోతే ముద్దలన్నీ ఒక్కొక్కటే కిందికి దిగిపోయేవి. ఆ చీకట్లోనే ఆపా తన సంగతులు చెప్పేది.

"పెండ్లయినప్పటి సంది మేం కలిసున్న నెలలు వేళ్ల మీద లెక్కవెట్టొచ్చు టీచరమ్మా. ఆయన మొఖం గుర్తు తెచ్చుకుందామంటే ఫోటోల మొఖమే వస్తది."

తొంభైలు వచ్చాక ఆయన నడుంనొప్పితో పూర్తిగా తిరిగొచ్చేశాడు. ఆ సాయంత్రం ఆపా కొత్త దుపట్టా వేసుకుని, ఆయన కూర్చున్న కుర్చీ ఎదురుగా దీపం వెలిగించి, నన్నూ చాయ్‌కి పిలిచింది. మైనం కదలగానే ఆయన మొహం తిప్పుకున్నాడు.

"గా హోటల్ల ఇసొంటియి వరుసగ ఉంటుండె. పొద్దుగాల లేస్తే నేనే తుడుస్తుంటి. ఇంటికొచ్చి గూడ దీన్నే చూడాల్నా?"

కోపంగా అనలేదు. అలసిపోయి అన్నాడు. ఆపా లేచి ప్లగ్గు తీసింది. మర్నాడు దీపాన్ని నా గదికి తెచ్చి కిటికీలో పెట్టింది.

"నీ దగ్గరుంచు. నేనే వచ్చి చూస్త."

కొన్నాళ్లు వచ్చింది. తర్వాత ఆయనకు నూనె రాయడం, దవాఖానకు తీసుకెళ్లడం, ఇద్దరూ కలిసి తినడం. గోడ అవతల ఇప్పుడు రెండు గొంతులు వినిపించేవి, నవ్వులు కూడా. నాకు సంతోషంగానే ఉండేది. దీపం వేసుకుని ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. అంతకుముందు ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నప్పుడు ఇంత నిశ్శబ్దంగా అనిపించలేదు.

కొంతకాలానికి బల్బు మాడిపోయింది. అది మన పిన్నుల బల్బు కాదు, మరలా తిప్పి బిగించే రకం. బజారులో అన్ని దుకాణాలూ తిరిగాను, ఎక్కడా దొరకలేదు.

తర్వాత నాకు హాలియాకు బదిలీ అయింది. బస్టాండు దాకా ఇద్దరూ వచ్చారు. నడుంనొప్పితోనే ఆయన దీపాన్ని తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని రిక్షాలో తెచ్చాడు. బస్సు కిటికీలోంచి నాకు అందిస్తూ, "జర పైలం టీచరమ్మా, గాజుది" అన్నాడు. ఆపా నా చేతిని వదలలేకపోయింది. బస్సు కదిలితేనే వదిలింది.

హాలియాలో కొత్త ఇంటావిడ నేను సామాను సర్దుకుంటుంటే వచ్చి నిలబడింది. కిటికీలోని సీసాను చూసి ఏమిటని అడిగింది. దుబాయిదని చెప్పాను.

"మీ ఆయన దుబాయిల ఉంటడా?"

"లేదు. నేనొక్కదాన్నే" అన్నాను.

ఆమె సీసాను వేలితో ఒకసారి తట్టి చూసి, నల్లా ఏ వేళకు వస్తుందో చెప్పి వెళ్లిపోయింది.