ఒకే కంటికి మూడు టోకెన్లు

నా కుడికంట్లో శుక్లం ముదిరింది. రాయ్‌పూర్ పండరీ బజారులోని బట్టల దుకాణాల నుంచి చీరలు తెచ్చుకుని ఫాల్స్ కుట్టడమే నా బతుకు. నీలం చీరకు ఆకుపచ్చ ఫాల్ కుట్టి పంపేసరికి సేఠ్ దండం పెట్టాడు. కన్ను బాగుచేయించుకుంటేనే మళ్లీ చీరలిస్తానన్నాడు.

ఆసుపత్రిలో కంటి డాక్టరు మంగళవారం ఒక్కరోజే చూస్తాడు. టోకెన్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. మా వీధి చివర ఆన్‌లైన్ దుకాణం పెట్టినతను ఛత్తీస్‌గఢీ మనిషి, నన్ను దాయీ అని, అంటే అమ్మా అని పిలుస్తాడు. నా పేరూ, పోయిన మా ఆయన పేరూ కొట్టి బటన్ నొక్కాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, నంబరు రాదు. మళ్లీ నొక్కబోయాడు.

రాయ్‌పూర్‌కు కోడలిగా వచ్చి ఎన్నేళ్లయినా, కంగారు పడితే నా నోట హిందీ రాదు. శ్రీకాకుళమే వస్తుంది.

"ఆగు, ఆగు!" అని అరిచాను.

అతనికది "ఆగే, ఆగే" అని వినపడింది. హిందీలో ఆగే అంటే ముందుకు పొమ్మని.

"హా దాయీ, ఆగే!" అంటూ నొక్కాడు.

"ఓరి నీ దుంప తెగ! ఆగమంటే నొక్కుతావేటి? ఆగు!"

"ఆగే హీ తో కర్ రహా హూఁ!" ముందుకే కదా పంపుతున్నానని ఇంకోసారి నొక్కాడు.

చక్రం ఆగేసరికి మూడు నంబర్లు వచ్చి కూర్చున్నాయి. పద్నాలుగు, పదిహేను, పదహారు. మొదటిదానికి జవాబు రాకముందే నొక్కితే ప్రతి నొక్కూ ఒక కొత్త అర్జీ అవుతుందట. పచారీ కొట్టుకు ముగ్గురి చేత ఒకే కబురు పంపితే వాడు మూడు పొట్లాలు కట్టడూ? అలాగన్నమాట. రెండు తీసేస్తానన్నాడు. తీయబోయి మూడూ పోగొడతాడేమోనని నేనే వద్దన్నాను.

మంగళవారం ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి తెరను చూసింది, నన్ను చూసింది.

"అమ్మాజీ, మీ ఆయనకు తీన్ పత్నియాఁ? బాకీ దో కహాఁ హైఁ?"

మా ఆయనకు ముగ్గురు పెళ్లాలట, మిగతా ఇద్దరూ ఏరీ అని! వరుసలో ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు.

"బేటీ, ఆయన ఒక్కదానితోనే వేగలేక పోయాడు," అన్నాను. నా వెనక ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

నవ్వితే పనవుతుందా? ముగ్గురి లెక్కా తేలితే గాని కంప్యూటర్ ఒక్కరినీ లోపలికి పంపదంది. ఈలోగా పదమూడో నంబరు పిలిచారు. ఈ మంగళవారం పోతే ఇంకో వారం చీరలుండవు.

"ఆ ఇద్దరూ చచ్చిపోయారని రాసెయ్యమ్మా!"

"అలాంటి బటన్ లేదు అమ్మాజీ. రాలేదు అన్నదే ఉంది."

"మరి రాలేదు కదే తల్లీ! వచ్చారా? నీకు కనపడుతున్నారా?"

ఆ పిల్ల నవ్వాపుకుంటూ మిగతా రెండు నంబర్లకూ 'రాలేదు' అని నొక్కింది. తలుపు తీశారు.

డాక్టరు కన్ను చూసి, వచ్చే మంగళవారం ఆపరేషన్ అన్నాడు. దానికీ కంప్యూటర్లోనే టోకెనా అని అడిగాను. అక్కర్లేదని చీటీ మీద రాసిచ్చాడు. దాన్ని జాకెట్లో దోపుకున్నాను. ఆటోలో టాటీబంధ్ చౌరస్తా దాటేలోపు నాలుగుసార్లు తడుముకున్నాను. ఒక్కటే ఉంది.