మా తోడికోడలికి అర్థం కాని కోర్సు

మా ఇంట్లో ఇద్దరు కోడళ్లం. ఇద్దరమూ సి.ఏ. ఫైనల్లో ఒకే గ్రూపు దగ్గర ఆగిపోయినవాళ్లం. ఒడిశాలో ఉన్న మా బరంపురంలో ఇలాంటి ఇల్లు ఇంకొకటి ఉంటే చూపించండి. వంటిల్లు ఒకటే, స్నానాలగది ఒకటే, రాయాల్సిన పరీక్షా ఒకటే. నేను పెద్దకోడల్ని, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినదాన్ని. ఆమె చిన్నకోడలు, కృష్ణా జిల్లా పిల్ల. మా మరిదిని చేసుకుని ఆమె ఈ ఇంటికి వచ్చేదాకా నాకు అసూయ అంటే తెలియదని చెప్పను. కానీ పొద్దున లేచింది మొదలు అదే పనిగా పెట్టుకున్నది మాత్రం ఆమె వచ్చాకే.

వచ్చిన వారంలోనే మా అత్త ఆమె మాటకు పడిపోయింది. మా గంజాం తెలుగులో అందరినీ నువ్వనే అంటాం. అత్తనీ నువ్వే, మామనీ నువ్వే, అందులో అమర్యాదేమీ లేదు. ఈమెకి అందరూ మీరే. "అత్తయ్యగారూ, మీరు మాత్ర వేసుకున్నారా?" అని అడిగేసరికి మా అత్త మొహం విప్పారిపోయేది.

"సూడే, ఎంత ముద్దుగా మాటాడతాదో! నువ్వొచ్చి ఇన్నేళ్లయినాది, ఒక్కనాడైనా నన్ను మీరన్నావా?" అంది నాతో.

"నిన్ను మీరంటే నువ్వే నవ్వుతావు గదత్తా" అన్నాను.

పక్కింటి ఒడియా ఆవిడ కూడా గోడ మీంచి తల పెట్టి, "సానొ బొహూ భారి భొలొ" అనడం మొదలెట్టింది. చిన్నకోడలు చాలా మంచిదట. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు, ఈమెకి ఒడియా ఒక్క ముక్క రాదు, మరి మంచితనం ఎలా తెలిసిందో మా ఊరి అమ్మవారు ఠాకురాణికే తెలియాలి. పెద్దకోడలు ఎలాంటిదని ఎవరూ అనలేదు.

సరే, అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒక్కటే. ఈ ఇంట్లో మొదటి సి.ఏ. నేనే కావాలి. గేట్ బజార్ వెనకవీధిలో ఒక ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ శిక్షణ చేశాను. గుమాస్తాలతో పాటు బట్టలకొట్ల లెక్కలు చూసి, దుమ్ము పీల్చి, జలుబుతో చదివాను. పెళ్లయ్యాక కూడా పుస్తకం వదల్లేదు. రాసిన ప్రతిసారీ ఏదో ఒక పేపరు నన్ను ముంచుతూనే వచ్చింది. అంత చేసినదాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా కంటే ముందు గట్టెక్కితే నేను ఈ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

రివిజన్ కోర్సు తీసుకుందామని మాట లేపింది నేనే. తీసుకునేది నాకొక్కదానికే అని నా లెక్క. మా అత్త ఆ లెక్క మార్చేసింది.

"ఒకింట్లో రెండు కోర్సులేటి? ఒక పొయ్యి మీద ఒండుకుంతన్నాం, ఒక కోర్సు సదవలేరా ఇద్దరూ?"

మా ఆయన వైపు చూశాను. ఆయన పేపరు వెనక్కి వెళ్లిపోయాడు. కోర్సు ఒక లాప్‌టాప్‌లోనే తెరుచుకుంటుంది, దాని ముందు ఎంతమంది కూర్చున్నా అది అడగదు. కాబట్టి అత్త మాటే నెగ్గింది. కాకపోతే పెద్దదాన్నని ఏ కోర్సన్నది నన్నే తేల్చమన్నారు.

డెమో క్లాసులు చూడటం మొదలెట్టాం. ఇద్దరం డైనింగ్ టేబుల్ దగ్గర పక్కపక్కన కూర్చుని, పెళ్లిచూపుల్లో లాగా ఒక్కో సారునీ చూశాం. ఒకాయన దగ్గుతూనే ఉంటాడు. ఒకాయన పాఠం కంటే తన గొప్పలు ఎక్కువ చెబుతాడు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు విజయవాడ వైపు ఆయన. తెలుగులో, నింపాదిగా, లెక్క మొత్తం బోర్డు మీద చేసి చూపిస్తాడు. రెండో ఆయన ఉత్తరాది సారు. హిందీలో గుక్క తిప్పుకోకుండా వాయిస్తాడు, జోకులేస్తాడు, చాప్టరు చివర గుర్తుపెట్టుకునే చిట్కా ఒకటి విసిరి వెళ్లిపోతాడు. ఊళ్లో సి.ఏ. చదివే పిల్లలందరి నోటా ఆయన పేరే.

తెలుగాయన డెమో చూస్తుంటే మా తోడికోడలి కళ్లు మెరిశాయి. "అక్కా, ఈయన చెప్తుంటే ఎంత హాయిగా ఉందో! అన్నీ మన భాషలోనే" అంది.

మన భాష అనగానే నాకు ఎక్కడో చురుక్కుమంది. ఆ భాష నీది, అనుకున్నాను. నేను బళ్లో ఒడియా చదివాను, హిందీ చదివాను, టీవీలో చూసేదంతా హిందీయే. తెలుగు చదవడం మా అమ్మ ఇంట్లో నేర్పింది. ఈమెకి హిందీ ఎంత వచ్చంటే, కూరగాయల బండి వాడితో "ఠీక్ హై" దాటి ఇంకో మాట రాదు.

నేను హిందీ కోర్సు అన్నాను.

అసూయతో అన్నానా? అన్నాను. తప్పయిందా? నన్నడిగితే ఇప్పటికీ తప్పని అనను. అందరూ తీసుకునే కోర్సే నేనూ తీసుకున్నాను, చెరువులోకి తొయ్యలేదు కదా ఎవర్నీ. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "మీ ఇష్టం అక్కా" అంది. కాదని పోట్లాడి ఉంటే నాకు కాస్త బాగుండేది.

మా అత్త ఊరుకుంటేనా? "సిన్నదానికి హిందీ ఒచ్చా?" అంది.

"దాందేటత్తా, అర్థం కానిది నేను సెప్తాను గదా!" అన్నాను, అందరూ వినేలా.

మంచిదాన్ననిపించుకోవాలని అన్న మాట అది. ఆ పిల్ల దాన్ని నిజంగానే పట్టుకుంది.

మగవాళ్లు బయటికి వెళ్లాక క్లాసు పెట్టుకునేవాళ్లం. ఒక్కో క్లాసు ఇన్నిసార్లే చూడాలని హద్దు ఉంటుంది, అది దాటితే తెరుచుకోదు. అందుకని ఆమె కోసం వెనక్కి తిప్పేదాన్ని కాదు. సారు జోకేస్తే నేను నవ్వేదాన్ని. నన్ను చూసి ఆమె కాస్త ఆలస్యంగా నవ్వేది. బోర్డు మీది అంకెలు మాత్రం ఒక్కటి వదలకుండా దించుకునేది. క్లాసవగానే నేను కూరలు తరగడానికి వెళితే నా వెనకే వంటింట్లోకి వచ్చి, "అక్కా, ఆయన ఏం చెప్పారు?" అనేది. అదీ మా అత్త అక్కడ కూర్చుని ఉన్నప్పుడే. చెప్పనని ఎలా అంటాను?

కన్సాలిడేషన్ వచ్చింది. ఒక పెద్ద కంపెనీ, దాని కింద చిన్న కంపెనీలు, అన్నిటి లెక్కలూ కలిపి ఒకటిగా చూపించాలి. సారు హిందీలో చెప్పింది చెప్పినట్టు అప్పజెబుదామంటే నాకే నోరు తిరగలేదు. అల్మారాలోంచి రెండు పప్పు డబ్బాలు తీసి గట్టు మీద పెట్టాను.

"ఇది నాది, ఇది నీది. ఇల్లు అత్తది. నా డబ్బాలో పప్పు నీ డబ్బాలో పోస్తే ఇంట్లో పప్పు పెరిగినాదా?"

"లేదక్కా."

"అదే పప్పు నీకు లాభానికి అమ్మినాను. నువ్వింకా ఒండలేదు, నీ డబ్బాలోనే ఉన్నాది. ఇంటికి లాభం ఒచ్చినట్టా?"

ఆమె రెండు డబ్బాల వంకా చూసి, "రానట్టే. ఆ లాభం తీసెయ్యాలి" అంది మెల్లగా.

మా అత్త పకపకా నవ్వింది. "ఇదేనా మీ సదువు? దీనికి లాప్‌టాప్ ఒకటా!" అని, ఆమె తల నిమిరి, "సిన్నది ఎంత సద్దగా అడుగుతాదో సూడు" అంది. అడిగినదానికి మెప్పు. చెప్పినదాని మొహం ఎవరైనా చూశారా? ఆ రోజు పప్పులో ఉప్పు ఎక్కువేశాను. కావాలని వేయలేదు, పరధ్యానంలో పడిపోయింది.

మధ్యాహ్నాలు నేను తర్వాతి క్లాసు చూసేసుకునేదాన్ని, ఆమె కంటే ఒక అడుగు ముందుండాలని. ఆమె అలా కాదు. నేను చెప్పిన లెక్కని కాగితం మీద మొదటినుంచీ చేసేది. కలవకపోతే కొట్టేసి మళ్లీ చేసేది. ఎంత మందబుర్రో పాపం, అనుకునేదాన్ని. నాకు ఒకసారి వింటే చాలు కదా! ఒక ఆదివారం మా మరిది అందర్నీ చిలిక సరస్సు ఒడ్డున ఉన్న రంభకి తీసుకెళ్లాడు. చిలికలో పడవెక్కాం, రొయ్యలు తిన్నాం. ఆమె రాలేదు. బ్యాలెన్స్ షీటు కలవడం లేదట. మా అత్త ఉన్నవాటిలో పెద్ద రొయ్యలన్నీ ఏరి ఆమె కోసం మూటగట్టించింది. ఆ రొయ్యల మీద కూడా నాకు కుళ్లు పుట్టిందంటే మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పరీక్ష వచ్చింది. మొదటి పేపర్లో కన్సాలిడేషన్ లెక్క చూడగానే లోపల్లోపల నవ్వుకున్నాను. ఇది నేను ఇంకొకరికి నేర్పిన లెక్క, ఇంతకంటే ఏం కావాలి? రాయడం మొదలెట్టాను. లాభం తీసెయ్యాలని తెలుసు, ఎందుకు తీసెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎక్కడ తీసి ఎక్కడ వెయ్యాలో చెయ్యి కదలదు. రెండు వైపులా కలవలేదు. కొట్టేసి మళ్లీ వేశాను, ఇంకా దూరం జరిగింది. దాంతో పెనుగులాడుతూ మిగతా ప్రశ్నలకి సమయం లేకుండా చేసుకున్నాను. బయటికొస్తే ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. "ఎలా రాశారక్కా?" అంది. "బాగానే" అన్నాను. ఆమె ఎలా రాసిందని నేను అడగలేదు.

ఫలితాల రోజు సైటు తెరుచుకోక మా ఆయన ఫోను పట్టుకుని గదంతా తిరిగాడు. ముందు ఆమెది వచ్చింది. గ్రూపు పాసు. తర్వాత నాది వచ్చింది. ఆయన ఫోను నా చేతికిచ్చాడు. మిగతావి పర్వాలేదు. ఫైనాన్షియల్ రిపోర్టింగ్ పోయింది. కన్సాలిడేషన్ ఉన్న పేపరే.

మా అత్త దేవుడి దగ్గర దీపం పెట్టింది. పక్కింటావిడ ఛెనాపొడొ మిఠాయి పట్టుకొచ్చింది. వచ్చినవాళ్లందరితో మా తోడికోడలు ఒకటే మాట. "అంతా అక్కే చెప్పారండీ. అక్క చెప్పకపోతే నాకు ఒక్క ముక్క వచ్చేది కాదు." పుండు మీద కారం చల్లినట్టుంది నాకు. ఆ పిల్ల గర్వపడినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుగా ఉండేది. మనస్ఫూర్తిగా అంటోంది. వాళ్లు నా వైపు తిరిగి, "మరి నీకేటయినాదమ్మా?" అని జాలిగా అడిగేవారు. స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

మళ్లీ డెమోలు చూడటం మొదలెట్టాను, ఈసారి ఒక్కదాన్నే. తెలుగాయన్ని చూశాను. ఉత్తరాదాయన కొత్త బ్యాచ్ చూశాను. భువనేశ్వర్లో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేచోటికి ఫోన్ చేశాను. ఏదీ నచ్చలేదు. అందరూ బాగానే చెబుతున్నారు. చెబితే అర్థం కావడం లేదనా నా బాధ? మా ఆయన, "ఏదో ఒకటి తేల్సుకో" అని విసుక్కున్నాడు.

ఒక పొద్దున ఆమె వచ్చి లాప్‌టాప్ మూసేసింది. "అక్కా, ఏ కోర్సూ వద్దు. నేను కూర్చుంటాను మీ దగ్గర. మీకు పాఠం చెప్పక్కర్లేదు, అన్నీ వచ్చు. నేను లెక్క ఇస్తా, మీరు చెయ్యండి."

నా ఒళ్లు భగ్గుమంది. "నీ దగ్గర నేను నేర్సుకోవాలేటి?" అనేశాను. వంటింట్లో అత్త చేతిలో గరిటె ఆగింది.

"మీ దగ్గర నేను నేర్చుకోలేదా అక్కా?" అంది ఆమె.

ఎత్తిపొడుపేమోనని ఆమె మొహంలో వెతికాను. లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆమె తెల్లకాగితం పెట్టి లెక్క చదివింది. రాశాను. రాస్తున్నంతసేపూ పక్కన కదలకుండా కూర్చుంది. అయ్యాక కాగితం తన వైపు తిప్పుకుని, పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ఒకచోట ఆగి, ఎర్రపెన్నుతో అడ్డంగా గీత కొట్టింది. తన పేరు వెనక సి.ఏ. రాసుకునే హక్కున్న చెయ్యి అది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వంగి చూశాను. సరిగ్గా తప్పున్న చోటే కొట్టింది.

"ఇంకో కాగితం ఇయ్యి" అన్నాను.