గాలి గోపురం దాకా

విరిగిన కాలికి ప్లేటు వేశాక, నాతో వ్యాయామం చేయించే అమ్మాయి ఏదైనా ఒక గురి పెట్టుకోమంది. "కొంచెం కష్టంగా ఉండాల మేడమ్, కానీ చేతికందేట్టు ఉండాల" అంది. నేను వెంటనే గాలి గోపురం అన్నాను. తిరుపతిలో మా మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఎదురుగా కొండ మీద కనిపించేది అదే. అలిపిరి మెట్ల దారిలో అది దాదాపు సగం. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అక్కడిదాకా ఎక్కి, కాసేపు కూర్చుని, దిగి రావాలి. నా కాలిని నేను మళ్ళీ నమ్మడానికి అంత చాలు.

ఆ మాట ఇంట్లో చెప్పి తప్పు చేశాను. "సగంలో తిరిగొచ్చేదానికి పోవడం దేనికి?" అని మా ఆయన నవ్వారు. మా అన్న భార్య నవ్వలేదు. నాకు ఆపరేషన్ జరుగుతుండగా వదిన పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టిందట. అది నాకు అప్పుడే తెలిసింది.

"నీ కాలు నిలబడితే నువ్వు నడిసి కొండెక్కుతావని మొక్కుకున్నా మే. సగం ఎక్కుతానంటే స్వామి ఊరుకుంటాడా?"

కాలు నాది, నొప్పి నాది, మొక్కు మాత్రం ఆమెది! ఒళ్ళు మండింది. కానీ ఆస్పత్రిలో నాకు తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది ఆమే. తోడొస్తానంటే సరేనన్నాను.

ముందు పాల బూత్ దాకా నడిచాను. తర్వాత మేడ మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టాను. చివరికి ఒక తెల్లవారుజామున ఇద్దరం అలిపిరిలో బయల్దేరాం. వదిన ప్రతి మెట్టుకూ కుంకుమ పెడుతూ ముందు నడిచింది. నేను గోడ వారగా, కాలు ఎక్కడ పెడుతున్నానో చూసుకుంటూ ఎక్కాను. మధ్యలో ఒకచోట మడమ లాగింది. వదిన చెయ్యి చాపితే వద్దన్నాను.

గాలి గోపురం చేరాక మెట్టు మీద కూలబడి ఏడ్చాను. సంతోషంతోనే. కింద ఊరంతా కనిపిస్తోంది. మా మేడ ఎక్కడుందో వెతుక్కుంటున్నాను.

"లెయ్ మే, ఇంకా శానా ఉండాది" అంది వదిన.

"నేను రాను వదినా. ఈడికే అనుకున్నా, ఈడికొచ్చినా. ఇంక దిగుతా."

బతిమాలింది, తిట్టింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను కదల్లేదు. చివరికి కొంగు నడుముకు బిగించి, "నీ బదులు నేనే పోతా. ఆ మొక్కేదో తీరనీ" అని ఆయాసపడుతూ ఎక్కిపోయింది. నేను ఒక్కదాన్నే దిగాను. ఎదురొచ్చేవాళ్ళంతా జాలిగా చూశారు. "ఏమ్మా, ఎక్కలేకపోయినావా?" అని ఒకామె నీళ్ళ సీసా ఇవ్వబోయింది. ఎక్కానని ఆమెకు ఎలా చెప్పను?

మరుసటి రోజు వదిన లడ్డు తెచ్చి, చిదిపి వీధంతా పంచింది. "మా ఆడబిడ్డ నడిసి కొండెక్కింది, మొక్కు తీరింది" అని ప్రతి గడపలోనూ చెప్పింది. ఆమెను పక్కకు లాగి, ఎందుకిట్లా చెప్తున్నావని అడిగాను.

"మరి సగం ఎక్కిందని సెప్పమంటావా? పరువు పోదా?"

సాయంత్రం దాకా జనం వస్తూనే ఉన్నారు. విరిగిన కాలితో పైదాకా ఎక్కిన మహాతల్లినని నన్ను మెచ్చుకున్నారు. మా ఆయన కూడా వాళ్ళ ముందు గర్వంగా తల ఊపారు. పక్కింటామె నా కాలు ఒత్తి చూస్తూ, "ఆ పైన, కొండ చివర్లో మోకాళ్ళ పర్వతం కాడ శానా కష్టపడుంటావే?" అని అడిగింది.

వదిన నా వైపే చూస్తోంది. మోకాళ్ళు వాచి, గోడ పట్టుకుని నిలబడింది.

"శానా కష్టపడినా" అన్నాను.

గాలి గోపురం గురించి ఎవరూ అడగలేదు.