నాలుగు ఎకౌంట్లలో ఒక సాక్ష్యం

మా సంఘంలో సాక్ష్యాలు రికార్డు చేసే పని చాలా ఏళ్లుగా నాదే. ఈ బెంగాలీ నగరంలో, ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో ఒక గోడౌను మీది హాలులో పొద్దున హిందీవాళ్ల ఆరాధన, మధ్యాహ్నం మా తెలుగువాళ్లది. పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. ఒక్కో మాటకీ జనం ‘స్తోత్రం’ అంటారు. మాట తడబడేవాళ్లకు ఆ స్తోత్రమే ఊతం. లేచినవాళ్లు గొంతు సవరించుకోగానే నేను ఫోను బల్ల మీద పెట్టి రికార్డింగు నొక్కుతాను.

ఫోను నిండిపోతుంటే క్లౌడ్‌లో పెట్టడం నేర్చుకున్నాను. ఉచితంగా ఇచ్చిన చోటు నిండితే ఇంకో ఎకౌంటు తెరిచాను. అదీ నిండితే వేరే కంపెనీ దగ్గర మరొకటి. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటాయని, జనాన్ని బాగా కదిలించిన సాక్ష్యాలను అన్నింటిలోనూ దాచాను.

పాస్‌వర్డుల సంగతి చెప్పాలి. కొత్త సంవత్సరం ఆరాధనలో మేమంతా పళ్లెంలోంచి తలా ఒక చీటీ తీస్తాం. అందులో వచ్చిన వాక్యం ఆ ఏడాదికి మన వాగ్దానం. ఏ ఏడాది తెరిచిన ఎకౌంటుకు ఆ ఏటి నా వాగ్దానమే, అధ్యాయమూ వచనమూ కలిపి, తాళం. పుట్టినరోజులు మరిచిపోతాను గానీ నాకొచ్చిన వాగ్దానాలు మరిచిపోను.

నాలుగో ఎకౌంటు మాత్రం మా పాత పాస్టరు అయ్యగారిది. ఆయన ఈ పద్ధతి చూసి ముచ్చటపడి, నా ఫోనులోనే తనకూ ఒకటి తెరిపించుకున్నారు. పాస్‌వర్డు కొట్టేటప్పుడు ఫోను తనవైపు తిప్పుకుని, తన వాగ్దానం తనకూ ప్రభువుకూ మధ్య ఉండే విషయమని నవ్వారు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయి చాలా కాలమైంది.

ఈమధ్య సంఘ వార్షికోత్సవం దగ్గర పడింది. కొత్తగా వచ్చిన అయ్యగారు పాత సాక్ష్యాలన్నీ వెతికి, రోజుకొకటి చొప్పున సంఘం గ్రూపులో పెట్టమని నాకు చెప్పారు. అందరూ సంతోషించారు. ఆ శనివారం మధ్యాహ్నం అత్త మా ఇంటికి వచ్చింది.

అత్త అంటే మా అమ్మకు వదిన వరస. మావయ్య ఓడల డాకులో కూలిపని చేసేవాడు. ఆయన పోయాక ఆమె బడ్డీలో ఇడ్లీలు అమ్మి ఒక్క కొడుకును పెంచింది. ఆ కొడుకు ఇప్పుడు సాల్ట్ లేక్‌లో ఆఫీసు బస్సు నడుపుతాడు. బస్సెక్కేవాళ్లంతా దాదా, అంటే అన్నా, అని గౌరవంగా పిలుస్తారు. పెళ్లయింది, పాప ఉంది. తల్లి దగ్గరే ఉంటాడు.

మంచినీళ్లయినా తాగకుండా అడిగింది.

“అమ్మీ, నా సాక్ష్యం తీసీ.”

ఏ సాక్ష్యమో, ఎందుకు తీసెయ్యమంటోందో నాకు వెంటనే తెలిసింది. కొడుకు కుర్రతనంలో మత్తుమందుకు అలవాటుపడ్డాడు. షాలిమార్ గూడ్స్ యార్డులో పడుకునేవాడు, ఇంట్లో గిన్నెలు కూడా మిగల్చలేదు. వాడు బాగుపడి వైద్యశాల నుంచి ఇంకా ఇంటికి రాకముందు ఒక ఆదివారం ఈమె లేచింది. ఒక రోజు విసిగిపోయి, ‘తండ్రీ, వీణ్ని తీసుకుపో’ అని మోకాళ్ల మీద ప్రార్థించానని అందరి ముందూ చెప్పింది. ఆ మాట కొడుక్కి తెలియదు. విన్నవాళ్లలో ఎవరూ వాడికి చెప్పలేదు. అంతవరకు మా సంఘం మంచిదే.

“ఆడు బస్సు కాలీగా ఉన్నప్పుడు మన గ్రూపులోయి అన్నీ ఎట్టుకుని ఇంటాడు,” అంది అత్త. “ఇదీ ఇంటాడు. ఇన్నాక నా సేతి కూడు తింటాడేటి?”

అత్త ఎదుటే అయ్యగారికి ఫోను చేశాను. ఆయన కసరలేదు. గ్రూపులో పెట్టవద్దులే అన్నారు. కానీ చెరిపేయడం మాత్రం ఆలోచించమన్నారు. సాక్ష్యం ఒకసారి చెప్పాక దేవునిది, అది ఏ తల్లిని నిలబెడుతుందో మనకు తెలియదు అన్నారు. ఆ మాట తీసిపారేసేది కాదు. కొడుకుతో అవే బాధలు పడుతున్న ఒక తల్లి, అత్త సాక్ష్యం విన్నాకే మా సంఘంలో చేరింది.

అయినా నాకు వేరే మాట తట్టింది. నేను సండే స్కూల్లో పెరిగినదాన్ని, తర్వాత అక్కడే చాలా ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. దేవుడు క్షమించిన పాపాన్ని మళ్లీ గుర్తుచేసుకోడని ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఆయన మరిచిపోయినదాన్ని నేను అన్ని చోట్లా భద్రం చేసి, పైగా దానికి ఆయన వాక్యాలతోనే తాళాలు వేశాను. అత్త నా ముఖం వైపే చూస్తోంది. ఫోను తీశాను.

ఇదివరకు ఒక్కో ఎకౌంటుకు ఒక్కో యాప్ తెరిచేదాన్ని. ఇప్పుడు ఫోనులోని ఫైల్ మేనేజర్‌లోనే అన్నీ చేర్చుకోవచ్చు. ఎడమపక్క ఫోను మెమరీ, కార్డు, వాటి కింద ఎకౌంట్లు వరసగా కనిపిస్తాయి. నా ఫోనులోనే తెరిచినది గనక పాత అయ్యగారిది అప్పటికే ఆ వరసలో ఉంది. నావి ఒక్కొక్కటీ చేర్చాను. అడిగిన చోటల్లా వాగ్దానం కొట్టి, అనుమతి ఇచ్చాను. అత్త దగ్గరికి జరిగి తొంగిచూసి, ఒక ఎకౌంటు వైపు వేలు చూపింది.

“ఇదెవులిల్లు?”

“ఇదీ నాదే అత్తా.”

“ఒక్క మనిసికి ఇన్నిల్లా?”

ఫైళ్లకు పేర్లు లేవు, తేదీలే ఉన్నాయి. ఏ తేదీనో ఇద్దరికీ గుర్తులేదు. ఒక్కొక్కటీ తెరిచి కాస్త వింటూ పోయాను. ఎవరో జ్వరం తగ్గిందన్నారు, స్తోత్రం. ఎవరికో పోర్టులో పని పర్మినెంటయింది, స్తోత్రం. కొన్ని గొంతులు ఇప్పుడు లేనివాళ్లవి. అత్త వాళ్లను గుర్తుపట్టి తల ఊపుతోంది. చివరికి ఒకచోట, ఆమె గొంతు కన్నా ముందు, ఒక మౌనాన్ని గుర్తుపట్టాను. ఫైలు మధ్యలో వేలు పెడితే ఏమీ వినిపించలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఒక్కటే. మా రికార్డింగుల్లో జనం స్తోత్రం చెప్పని చోటు అదొక్కటే.

“ఇదే,” అంది అత్త. “తీసీ.”

తీసేస్తాను గానీ ఒక్కసారి మిగతాది విను అన్నాను. వద్దంది. బతిమాలాను. ఫోను తీసుకుని, ఎవరో కాల్ చేసినట్టు చెవికి ఆనించుకుంది. ఆ మౌనం తర్వాత పాత అయ్యగారి గొంతు నెమ్మదిగా “ఇంకా చెప్పమ్మా” అంది. అప్పుడు రికార్డింగులోని అత్త ఇంకా చెప్పింది. అలా ప్రార్థించాక భయమేసిందట. చాపమీద పడున్న కొడుకు ముక్కు దగ్గర వేలు పెట్టి, తెల్లారేదాకా అలాగే కూర్చుందట. లేవగానే తింటాడని పొయ్యి వెలిగించిందట. ఆ చివరికి జనం స్తోత్రం అన్నారు, పెద్దగా.

అత్త ఫోను దించింది.

“ఇదీ సెప్పినానా నాను? నాకు ఆ మాటొక్కటే గ్యాపకం.” కొంగుతో ఫోను తుడిచి నా చేతికిచ్చింది. “ఇప్పుడు తీసీ.”

మొదటి ఎకౌంటులో తీసేశాను. రెండోదాంట్లో, మూడోదాంట్లో వెతికి తీసేశాను. ఆ ఫైలు ఎక్కడికెళ్లిందని అడిగింది. ట్రాష్‌లోకి వెళుతుంది, కొన్నాళ్లు అక్కడుండి తర్వాత పోతుందని చెప్పాను.

“దేవుడు కూడా మన పాపాల్ని సెత్తబుట్టలో దాస్తాడేటి?”

నవ్వొచ్చింది. మూడు చోట్లా ట్రాష్ కూడా ఖాళీ చేశాను.

ఇక పాత అయ్యగారిది. ఈ సాక్ష్యం ఆయన అడిగి మరీ తన ఎకౌంటులో పెట్టించుకున్నారు. వేలు పెడితే మళ్లీ సైన్ ఇన్ కమ్మంటోంది. ఆయన ఇష్టంగా ప్రసంగించే వాక్యాలన్నీ కొట్టి చూశాను. కాసేపటికి, ఇక తర్వాత ప్రయత్నించమంది. కోడ్ తెప్పిద్దామంటే అది వెళ్లేది ఆయన పాత నంబరుకు, అదిప్పుడు ఎవరో బెంగాలీ బాబుది.

“అయ్యగోరు ఎవులికీ సెప్పనేదా? ఆరి పెళ్లానికి కూడా?”

“ఎవరికీ చెప్పలేదత్తా.”

వంగి ఆ పేరు వైపు చూసింది. వరసలో అదొక్కటే బూడిద రంగులో ఉంది.

“అయితే ఒగ్గీ. ఆరి వాగ్దానం లోపలున్నాది కదా. అక్కడుంటే నాకు బయం నేదు.”

గ్రూపులో రోజుకొక సాక్ష్యం పెడుతూ వచ్చాను. వార్షికోత్సవం ముందు రోజు అత్త కొడుకు ఫోను చేశాడు. వెనక బస్సు ఇంజను చప్పుడు. అందరివీ వచ్చాయి, మా అమ్మది రాలేదేం వదినా అని అడిగాడు. వాడు ఇలా అడుగుతాడని మేమిద్దరం అనుకోలేదు. లేదని అబద్ధం చెప్పలేను, ఉందనీ చెప్పలేను. ఇంటికెళ్లి అమ్మనే అడగమన్నాను. ఫోను పెట్టేశాక అత్త కోసం ప్రార్థనకు కూర్చున్నాను.

మర్నాడు హాలు మెట్ల దగ్గర అత్త ఎదురైంది. కొడుకు ముందే పైకి వెళ్లి కుర్చీలు వేస్తున్నాడు. నేనేమీ అడగకముందే ఆమే అంది.

“సెప్పీసినాను అమ్మీ. మొదటిదీ సెప్పినాను, తరవాతదీ సెప్పినాను.”

“ఏమన్నాడు?”

రైలింగు పట్టుకుని ఒక మెట్టు ఎక్కి ఆగింది. “అన్నం ఎట్టమన్నాడు. తిన్నాడు.”