అమ్మ ఏరిన బొమ్మలు

నా బొమ్మల మీద మొట్టమొదటి విమర్శ మా అమ్మదే. అదీ ఒక్క ముక్కలో: "తాలు కాయ."

ఎనభైల్లో సంగతి. గుంటూరు దగ్గర మా ఊళ్లో అమ్మ మిరప కళ్లాల్లో తాలు ఏరే పనికి పోయేది. ఎర్రటి రాశిలో తెల్లబడ్డ కాయ కనిపిస్తే చాలు, మాట్లాడుతూనే తీసి పక్కన పడేసేది. నాకేమో డ్రాయింగు టీచరునవ్వాలని. లోయర్ గ్రేడ్ పరీక్ష రాసి తప్పాను. పక్క ఊరి డ్రాయింగు మాస్టారు, "ఇంట్లో కనిపించిందల్లా చూసి వెయ్యమ్మా, చెయ్యి అదే తిరుగుతుంది" అన్నారు. అమ్మ మాత్రం, "వచ్చే సోమారం నుంచి నాతో కళ్లానికి రా. ఇక చాల్లే పరీక్షలు" అంది. నాకు మిగిలింది వారం.

ఆ రోజే ఎండుమిరపకాయ ఒకటి ముందు పెట్టుకుని గంటసేపు వేశాను. దాన్నే అమ్మ తాలు అంది.

"మేలు కాయమ్మా అది."

"మరి తెల్లగా ఉందేందే?"

"పెన్సిల్లో ఎరుపెక్కణ్ణించి వస్తుంది?"

"ఆడలేక మద్దెల ఓడందంట."

ఒళ్లు మండిపోయింది. అయినా ఈవిడకి కనిపించేదేంటో, నాకు కనిపించనిదేంటో తేల్చుకోవాలనిపించింది. తాలు కాయా మేలు కాయా పక్కపక్కన కిటికీలో పెట్టి కళ్లు సగం మూసి చూశాను. ఎరుపు పోయినా రెండూ ఒకటి కాలేదు. మేలు కాయ చిక్కగా నల్లబడింది, వీపు మీద సన్నటి మెరుపు. తాలుకి ఆ మెరుపే లేదు, వెలుతురుకి పట్టుకుంటే లోపల గింజలు నీడల్లా కనిపిస్తున్నాయి. పుట్టినప్పటి నుంచీ మిరపకాయలు తింటున్నాను గానీ ఒక్కదాన్నీ సరిగా చూసిన పాపాన పోలేదు.

ఇక రోజూ అమ్మ అన్నం తినేటప్పుడు నాలుగు బొమ్మలు ముందు పరిచేదాన్ని. కుడిచేత్తో ముద్ద కలుపుతూనే ఎడంచేత్తో తాలయితే అటు, మేలయితే ఇటు నెట్టేది. మొదట్లో అన్నీ తాలే. గురువారం ఒకటి తప్పించుకుంది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక ఒకే ఒక్క బొమ్మ ఇచ్చాను. అమ్మ ఈసారి అటూ నెట్టలేదు, ఇటూ నెట్టలేదు. కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

"ఇది ఎండలేదు గదే. తొడిమ చూడు, ఇంకా ముడుచుకోలేదు. నాలుగెండలన్నా పడాల. ఇట్టాగే బస్తాకెత్తితే బూజు పట్టుద్ది" అంది.

నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. ఆ కాయ ముందురోజు సాయంత్రం కొత్తగా ఎండబోసిన రాశిలోంచి నేను తెచ్చుకున్నది. ఆ మాట అమ్మకి అప్పటిదాకా చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాను. అమ్మ కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. బొటనవేలితో ఆ పెన్సిలు తొడిమని ఒకసారి తడిమింది.

"రేపు నువ్వు రావద్దులే," అంది. "పరీక్షకి కట్టు."