మూడు కోసుల దూరం

నేను మ్యాపుల కంపెనీలో పనిచేస్తాను. ఫోనులో తప్పుగా పడ్డ షాపుల్నీ, గుళ్లనీ, దవాఖానాల్నీ సరైన చోటికి జరపడం నా పని. అందుకని నాకు దారులు తెలుసని మా కొండాపూర్ అపార్ట్‌మెంట్లో ఒక అపోహ ఉంది. నేను పార్కింగ్‌లో నా బండి కోసం రోజూ వెతుక్కోవడం వాళ్లింకా గమనించలేదు.

ఆ అపోహతోనే ఒక సాయంత్రం మా సెక్యూరిటీ ఆయన నన్ను గేటు దగ్గర ఆపాడు.

"సార్, జర మా నాయినతోని మాట్లాడుతరా? మ్యాపు పనట. నాకైతే సమజ్ కాలే."

జనరేటర్ గది పక్క రేకుల షెడ్డు ముందు ఆ నాయిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు యుద్ధంలో పాకిస్తాన్ వాళ్లకు పట్టుబడి, తప్పించుకుని, ఎడారిలో నడిచి వచ్చాడని విన్నాను. లిఫ్టు ఆగిపోయింది, ట్యాంకర్ రాలేదు అనే కబుర్ల మధ్య ఆ కబురు కూడా విని ఊరుకున్నాను.

"సారూ, కోసంటే ఎన్ని కిలోమీటర్లు?" అన్నాడు.

ఫోనులో చూశాను. రెండుకు కొంచెం తక్కువని ఒకచోట, మూడుంపావని ఇంకోచోట, నాలుగు దాటుతుందని మరోచోట ఉంది. మూడూ గట్టి నమ్మకంతోనే రాసి ఉన్నాయి.

"ఊరూరికీ మారుతుందటండి, తాతగారూ."

"గదే కదా నా పరేషాన్," అని మొదలుపెట్టాడు.

పట్టుబడ్డ జవాన్లను తీసుకెళ్తున్న లారీ ఇసుకలో కూరుకుపోయిందట. అందరూ దాన్ని నెడుతుంటే ఈయనా, బీదర్ వైపు కుర్రాడు ఒకడూ పొదల్లోకి జారుకున్నారు. పగలంతా పొదల కింద పడుకుని, చీకటి పడ్డాక ధ్రువ నక్షత్రాన్ని ఎడమ భుజం మీద ఉంచుకుని తూర్పుకు నడిచారు. అప్పట్లో అక్కడ కంచె లేదు. దేశం ఎక్కడ మారిందో చెప్పేవాళ్లూ లేరు. తొమ్మిదో రాత్రి ఆ కుర్రాడు ఒక ఎండిపోయిన బావి గట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఈయన అతన్ని పక్కనున్న జమ్మి చెట్టు కింద కూర్చోబెట్టి, మిగిలిన నీళ్లిచ్చి, మనుషుల్ని తీసుకొస్తానని బయల్దేరాడు. తెల్లారేసరికి మన చౌకీ చేరాడు.

"చౌకీల పెద్దసారు ఎంత దూరం అన్నడు. తీన్ కోస్ అన్న. ఆయనది ఉత్తరాది. మ్యాపు మీద పెన్సిలుతోని గీసి, పన్నెండు కిలోమీటర్లు అన్నడు. సరిహద్దేమో చౌకీ నుంచి పదే. లడాయి గప్పుడే ఆపిన్రు, దాటితే మల్ల లొల్లి. ఇగ ఎవ్వలు పోలే."

"మరి ఆ అబ్బాయి?"

"మల్ల రాలే." అన్నాడు. "ఆయన కోసు ఆయన ఊరిదాయె. నేను చెప్పింది మా ఊరి కోసు. మాది చిన్నదైతే, పిల్లగాడు మనదిక్కే ఉన్నట్టు. పోయి తెచ్చేటోళ్లు. నా మాట చెడగొట్టిందా, లేదా? గంతే సారూ, గది జెప్పు."

గంతే అట. నేను మొదట గుర్తులు వెతికాను. థార్ ఎడారిలో జమ్మి చెట్టు పక్కన అంటే, హైటెక్ సిటీలో గాజు బిల్డింగ్ పక్కన అని అడ్రస్ ఇచ్చినట్టే. చౌకీ మాత్రం దొరికింది. అక్కణ్నుంచి సరిహద్దు నిజంగానే పది కిలోమీటర్లు. ఇక మిగిలింది కోసు ఒక్కటే.

"మీ ఊళ్లో కోసంటే ఎక్కణ్నుంచి ఎక్కడికండి?"

"మా ఇంటికెళ్లి సంత దాంక."

ఊరు చూపించమన్నాను. చూపించాడు. నీలంగా ఉంది. రిజర్వాయర్ కట్టారు. ఇల్లూ, సంతా, మధ్యలో బాటా అన్నీ నీళ్ల కింద ఉన్నాయి.

"నడిస్తే నా కాళ్లకెరుక," అన్నాడు పెద్దాయన.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. కొడుకు గేటు తీస్తూ, "నాయినా, సగం దూరం పోయినంక ఆటో ఎక్కితే లెక్క తప్పుతది, చూస్కో," అన్నాడు.

"నువ్వు కూసున్న కాడ నిద్రపోకు, గది చూస్కో," అన్నాడు తండ్రి.

కొత్తగూడ దాటి హైటెక్ సిటీ వైపు నడిచాం. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్లూ బండ్లూ ఉండటంతో ఆయన రోడ్డు మీదే, కవాతులో ఉన్నట్టు నడిచాడు. ఒక బేకరీ ముందు టక్కున ఆగి, "సంత అచ్చింది," అన్నాడు. ఎలా తెలిసిందని అడగలేదు. ఫోనులో మూడు పాయింట్ ఒకటి ఉంది. చెప్పాను.

"మూడు మూళ్లు తొమ్మిది," అన్నాడు. "మీద కొసరు. పదికి లోపట్నే. పిల్లగాడు మనదిక్కే ఉండె."

అప్పుడు నేను మొదలుపెట్టాను. గాజు బిల్డింగుల మధ్య ఫోను దూరం సరిగ్గా చూపించదండీ అన్నాను. ఇసుకలో అడుగు చిన్నది పడుతుంది, అప్పుడు మీరు తొమ్మిది రోజుల ఆకలితో ఉన్నారు, చీకట్లో మూడు కోసులో మూడున్నరో ఎవరికి తెలుసు అన్నాను. అన్నీ నిజాలే. కాకపోతే లెక్క తేల్చడానికి వచ్చినవాణ్ని, తేలిన లెక్కతో ఎందుకు పోట్లాడుతున్నానో నాకే అర్థం కాలేదు. ఇసుక మాట ఏ పక్షాన సాక్ష్యం చెబుతుందో కూడా సగంలో మర్చిపోయాను.

పెద్దాయన అంతా విన్నాడు. "అచ్చే ఐతారం మల్ల నడుద్దాం సారూ," అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ అదే దారి. బేకరీ వచ్చింది. ఆయన దాని వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం పొద్దుటి ఎండ గురించి ఏదో మాట్లాడుకుంటూ దాటేశాం. ఫ్లైఓవర్ కిందికి వచ్చేసరికి ఆయనకు ఆయాసం ఎక్కువైంది. స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"గిక్కడ్నేనా?" అన్నాడు.

పోయిన వారం ఆయన చెప్పాడు. ఈ వారం నన్ను అడుగుతున్నాడు. ఫోను చూశాను. మూడు పాయింట్ రెండు. ఆ జమ్మి చెట్టు సరిహద్దుకు అవతల పడాలంటే ఇంకో నూటయాభై మీటర్లు కావాలి. ఆయన వయసుకు అది తక్కువేమీ కాదు. ఆ తర్వాత నేనన్న మాట సాయమో మోసమో ఇప్పటికీ నాకు తేలలేదు.

"ఇంకొంచెం ఉన్నట్టుందండి, తాతగారూ," అన్నాను.

పెద్దాయన స్తంభం వదిలి నా భుజం పట్టుకున్నాడు.

"ఉంటది సారూ," అన్నాడు. "మా సంత ఊర్ల కాదు కదా. ఊరు దాటినంక."